నీలి పరుపు గలీబుకి మాసికలు: పని డైరీ

పాత గుడ్డ చేతికి రాగానే చాలామంది సూదిలో దారం ఎక్కిస్తారు. దానికి ముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఈ డైరీలో సగం దాని గురించే.

వస్తువు, నియమం

ఇది ఒక పాత ఫుతోన్ గలీబులో సగం. జపాన్ ఇళ్లలో నేలమీద పరుచుకునే పరుపుకి తొడిగేది. చేతి వడుకు నూలు, నీలిమందు అద్దకం. ఇలా మాసికల మీద మాసికలు పడ్డ గుడ్డల్ని ఇప్పుడు బోరో అంటున్నారు. క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో కొన్నాను. మరకలు, ఒక మూల ఎలుక కొరికిన జాడ ఉండబట్టి 9,000 యెన్లకి వచ్చింది.

పెట్టుకున్న నియమం ఒక్కటే: కొత్తగా చేర్చేది ఏదైనా పాతదానికంటే బలహీనంగా ఉండాలి. లాగుడు పడినప్పుడు నా దారం తెగాలి గాని ఆ గుడ్డ చిరగకూడదు. కింద చెప్పిన మార్పులన్నీ ఈ నియమం వల్ల వచ్చినవే.

దశ 1: సూది లేకుండా చూడటం

1. గలీబుని బల్లమీద మడతల్లేకుండా పరిచాను. పైన పారదర్శకంగా ఉండే వినైల్ షీటు.
2. షీటు మీద 10 సెం.మీ. గళ్లు గీశాను.
3. చిరుగులు ఎరుపు మార్కరుతో, పలచబడ్డ చోట్లు ఆకుపచ్చతో, పాత కుట్లు నలుపుతో గీశాను.
4. టార్చిలైటుని పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫోటోలు తీశాను. తిరగేసి వెనకవైపు కూడా.

టార్చి పైనుంచి పడితే ఏమీ కనిపించదు. పక్కనుంచి పడితేనే ప్రతి ఉబ్బూ, ప్రతి లాగుడూ బయటపడతాయి.

కొలతలు: రెండు పన్నాలు కలిపి కుట్టిన వెడల్పు 64 సెం.మీ., పొడవు 148. దారాలు లెక్కపెట్టే భూతద్దంతో చూస్తే సెంటీమీటరుకి పడుగు 16, పేక 14. మాసికలు 27. ఒంటి పొర ఉన్నచోట మందం అర మిల్లీమీటరు, కుడివైపు కింది మూల నాలుగు పొరలు కలిసి 2.4 మిల్లీమీటర్లు. చిరుగుల వైశాల్యం 310 చదరపు సెం.మీ., పలచబడ్డ భాగం 1,150.

అమ్మినాయన దీన్ని తోహోకు (జపాన్ ఈశాన్య ప్రాంతం) సరుకన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. దాని ఉత్తరపు కొసన ఉన్న అవొమొరి వైపు చలికి పత్తి పండదు. అక్కడి రైతులకి నారగుడ్డే గతి, అక్కడి త్సుగరు సంస్థానమైతే రైతులు నూలుగుడ్డ కట్టకూడదని ఆంక్షే పెట్టింది. ఒసాకా వైపునుంచి జపాన్ సముద్రం మీదుగా కితమాయెబునె అనే సరుకు ఓడల్లో వెళ్లిన పాత నూలు పేలికలే వాళ్లకి దక్కేవి. అందుకే ఉత్తరాది గుడ్డల్లో అడుగు పొర నార, మీద నూలు అతుకులు, వాటిని పట్టి ఉంచే దట్టమైన కుట్టు. జానపద పరిశోధకుడు తనకా చూజబురో (1933–2013) జీవితమంతా ఊరూరా తిరిగి కూడబెట్టిన వాటిలో 786 కుట్టుబట్టలు జాతీయ జానపద ఆస్తిగా నమోదయ్యాయి. వాటి పక్కన పెడితే నాది తేలికపాటిది. పడుగు, పేక రెండూ నూలే, నార పోగు ఒక్కటి లేదు. పత్తి పండే పశ్చిమం వైపు గుడ్డ అయ్యుంటుందని నా అంచనా. ఇది తెలియడం పనికి అవసరం: నార ఉంటే తడిలో దాని నడత వేరు, కుట్టు లెక్క వేరు.

ఒక మాసిక కసూరి. పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికి కట్టి నూలుకి ముందే రంగు వేస్తారే, ఆ పద్ధతే. తెల్ల కూడిక గుర్తుల అంచులు కాస్త అదిరినట్టు ఉంటాయి. అచ్చు గుద్దిన నకలులో గీత తెగినట్టు ఉంటుంది, వెనకవైపు వెలవెలబోతుంది. కొనేముందు తిప్పి చూడండి. ఈ గుడ్డలకి గిరాకీ పెరిగాక కొత్తగా తయారుచేసిన 'పాతవి' కూడా వస్తున్నాయి.

భూతద్దం కింద మూడు తరాల దారం కనిపించింది. ఒకటి చేతి వడుకుది, గుడ్డతో సమానంగా వెలిసిపోయింది. రెండోది మిల్లు దారం, తెల్లది. మూడోది నల్లగా మెరుస్తోంది. దాని కొసని చిన్న ముక్క తుంచి అగ్గిపుల్ల చూపించాను. నూలైతే కాగితంలా కాలి బూడిదయ్యేది. ఇది కరిగి గట్టి పూస కట్టింది. పాలిస్టర్. అమ్మకానికి ముందు ఎవరో బిగించి కుట్టారు. ఆ కుట్టు వెంబడే 11 సెం.మీ. కొత్త చిరుగు: గట్టి దారం మెత్తటి గుడ్డని కోసేసింది. పైన చెప్పిన నియమం ఇక్కడే పుట్టింది.

పాలిస్టర్ కుట్లు విప్పితే ఆ మాసిక ఒక పక్క లేచింది. కింద గుడ్డ కారునీలం, ఎండ తగలక అద్దినప్పటి రంగులోనే ఉంది. దానిమీద ఇంకా సన్నటి కుట్ల వరస, పైకి కనిపించే కుట్లలో సగం పొడవు. అంటే మొదటిసారి బాగుచేసినప్పుడు ఓపిగ్గా, సన్నగా కుట్టారు. తర్వాతి వాళ్లకి తీరిక లేదో, చూపు ఆనలేదో, పెద్ద పెద్ద అంగలు వేశారు. ఎడమవైపు ఒక చారల మాసికని కింది చారలతో కలిపి వేశారు. దాని పక్కదాన్ని అడ్డంగా వేసేశారు, ముక్క అటే సరిపోయింది కాబట్టి. నాకు ఈ గుడ్డలో అన్నిటికంటే నచ్చిన చోటు ఆ రెండు చారల మధ్య సందు. కొత్త మాసిక దేన్నీ దాని మీదకి రానివ్వకూడదని అప్పుడే రాసుకున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: గుడ్డ 9,000, భూతద్దం 1,400, షీటు, మార్కర్లు 700. మొత్తం 11,100 యెన్లు. బాగైన వైశాల్యం: సున్నా.

దశ 2: దుమ్ము, నీళ్లు

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. ఇక్కడ జపాన్‌లో జూన్, జులైలలో గోడలే చెమరుస్తాయి. నాలుగు పొరల మూల ఆరేలోపు బూజు పడుతుంది. అక్టోబరు దాకా ఆగాను.

దుమ్ముకి: గుడ్డమీద నైలాన్ దోమతెర ముక్క పరిచి, వాక్యూమ్ క్లీనరుని తక్కువ వేగంలో పెట్టి, గొట్టం ఆనించకుండా పైపైన తిప్పాలి. తెర లేకపోతే వదులైన పోగులు గొట్టంలోకి పోతాయి.

రంగుకి: స్వేదనజలంలో తడిపిన దూదిని ఒక్కో రంగుమీద రెండు నిమిషాలు ఉంచి చూశాను. నీలిమందు నీళ్లలో కరగదు. పొడిగా రుద్దితే మాత్రం వేలికి అంటుతుంది. అది పైపైన మిగిలిన పొడి, భయపడక్కర్లేదు. గోధుమరంగు చారల మాసిక దగ్గర దూదికి రంగుతోపాటు పోగు ముక్కలు కూడా వచ్చాయి. ఇనుము కలిపిన రంగు అది. ఏళ్లు గడిచేకొద్దీ నూలుని లోపల్నుంచి తినేస్తుంది. దాని సంగతి దశ 6లో.

తడపడం:

1. బట్టల పెట్టె మూతలో 25 డిగ్రీల నీళ్లు, నాలుగు సెంటీమీటర్ల లోతు.
2. గుడ్డ కింద తెర, పైన తెర. ఎత్తినా దించినా తెర పట్టుకునే. తడిసిన పాత గుడ్డ తన బరువుకే చిరుగుతుంది.
3. మొదట మామూలు నీళ్లు, తర్వాత అయాన్లు లేని డిటర్జెంటు చాలా కొద్దిగా, మళ్లీ మామూలు నీళ్లు. స్పాంజితో పైనుంచి అద్దడమే. రుద్దొద్దు, పిండొద్దు.
4. తువ్వాలు మీదకి జార్చి, పైన ఇంకో తువ్వాలు ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టడం.

మొదటి నీళ్లు లేత గోధుమరంగులో దిగాయి, పీహెచ్ పట్టీ 5 చూపించింది. చివరి నీళ్లు 6.5. నూలు శిథిలమయ్యేకొద్దీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగిలిన నూలుని ఇంకా తింటుంది. మరకలు పోకపోయినా ఫర్వాలేదు గాని అది పోవాలి. మరకలు నిజంగానే పోలేదు.

బరువు విషయంలో ఒక చిక్కు. జూన్‌లో తూచితే 436 గ్రాములు, కడిగి ఆరాక 403. ముప్ఫై మూడు గ్రాముల మట్టి అనుకుంటే తప్పు. నూలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పోలికకని అప్పుడే తూచి పెట్టుకున్న ఇంకో నూలుగుడ్డ, నీళ్లే తగలనిది, తనంతట తాను 3 శాతం తగ్గింది. ఆ లెక్కన తేమ 13 గ్రాములు, మట్టి 20.

పొడవు 148 నుంచి 146.5కి వచ్చింది. అది సమంగా ముడుచుకుని ఉంటే బాగుండేది. మధ్యలో ఉన్న మిల్లుగుడ్డ మాసిక మాత్రం చుట్టూ ఉన్న చేనేతకంటే ఎక్కువ ముడుచుకుని, నాలుగు పక్కలా కుచ్చులు లేపింది. ఇస్త్రీ పెడితే అణుగుతుంది, కానీ పాత మడత గీతలు తెగుతాయి. మళ్లీ ఆ భాగాన్ని తుంపర్లతో చెమ్మ చేసి, పడుగు నిటారుగా వచ్చేలా వేళ్లతో సర్ది, గాజు పలకలు బరువుగా పెట్టాను. ముప్పాతిక వంతు అణిగింది. మిగతాది వదిలేశాను.

ఖర్చు: తెర, డిటర్జెంటు, స్వేదనజలం, పీహెచ్ పట్టీలు 2,300. మొత్తం 13,400.

దశ 3: లోపలి ఆసరాకి ఏ గుడ్డ

పలచబడ్డ చోట్ల వెనక ఆసరా గుడ్డ కావాలి. ముందువైపు కొత్త ముక్క వేయకూడదన్నది నిర్ణయం. సరిపోయే పాత నీలిగుడ్డ దొరకదని కాదు. దొరికితే రేపు ఏది వాళ్లు వేసిందో, ఏది నేను వేసిందో ఎవరికీ తెలియదు.

పది సెంటీమీటర్ల చదరాలు కోసి, తడిపి ఆరబెట్టి చూశాను:

- కొత్త సాషికో (జపాన్ వాళ్ల వరస కుట్టుపని) నూలుగుడ్డ: 9.4కి వచ్చింది. తీసేశాను.
- అదే గుడ్డ రెండుసార్లు ఉడకబెట్టాక: 9.9. కానీ బిరుసు, పాత గుడ్డకంటే గట్టి.
- సంతలో కట్టగా కొన్న పాత యుకాతా (వేసవిలో వేసుకునే నూలు కిమోనో) ముక్క: 10. బాగుంది, కానీ దాని ముదురు అచ్చు పలచటి చోట పైకి కనిపిస్తోంది.
- అమ్మ పాత నూలు చీర కొంగు, ఇక్కడికి వచ్చేటప్పుడు సామాన్లకి చుట్టింది: 10. బరువు గలీబుగుడ్డలో సగం కూడా లేదు, ఎన్నో ఉతుకులు తిన్నది, రంగు దిగడం లేదు.

చీరే గెలిచింది. బోరోలో ఇంట్లో ఏదుంటే అదే వేసేవాళ్లు కాబట్టి ఇదీ సబబే అని సర్దిచెప్పుకోవచ్చు. నేను ఎంచుకున్నది మాత్రం కొలతలు చూసే. రేపు ఎవరైనా విప్పితే తికమక పడకుండా వెనకవైపు మూల ఒక చిన్న టేపు ముక్కమీద 'ఆసరా గుడ్డ: భారతీయ చీర' అని జపనీసులో రాసి కుట్టాను.

ఖర్చు: యుకాతా కట్ట 1,000, కొత్త నూలుగుడ్డ 600. మొత్తం 15,000.

దశ 4: దారం ఎంత బలంగా ఉండాలి

లగేజి తూచే చిన్న డిజిటల్ కాటాకి దారం ముడివేసి లాగి చూశాను. గుడ్డని పరీక్షించడానికి గలీబుని ముట్టుకోలేదు. అంతే పాతబడ్డ నీలి పేలిక ఒకటి యుకాతా కట్టలోనే దొరికింది. అందులో ఒక కుట్టు వేసి లాగితే సుమారు 500 గ్రాముల దగ్గర గుడ్డ చిరిగింది.

- ఆరు పోగుల సాషికో దారం: 2 కిలోలు దాటినా తెగలేదు. పైగా సూది వెడల్పుకి పడుగు పోగులు పక్కకి జరిగి రంధ్రం మిగిలింది.
- నాలుగు పోగులది: 1.6 కిలోలు.
- నాలుగు పోగుల దారాన్ని విప్పి తీసిన ఒంటి పోగు: 350 గ్రాములు.

అంటే దుకాణంలో సాషికోకని అమ్మే దారం ఏదీ ఉన్నదున్నట్టు పనికిరాదు. ఒంటి పోగే. దాంతో వేరే తంటా: విప్పిన పోగు మెలికలు తిరిగి ముడిపడుతుంది, గుడ్డలోంచి వెళ్లేకొద్దీ నూగు రేగి మధ్యలో తెగుతుంది. తేనెమైనం ఒకసారి పూసి, 40 సెం.మీ.కి మించకుండా తుంచుకుంటే సర్దుకుంది. సూది కూడా సాషికో సూది కాదు, మామూలు సన్న సూది.

రంగు: నీలిమందు అద్దిన కొత్త దారం లేత చోట్లని మరక చేస్తోంది. అద్దని కోరా దారం వాడాను. కనిపిస్తుంది. కనిపించనీ.

ఖర్చు: దారాలు 900, సూదులు 400, మైనం 350, కాటా 1,250. మొత్తం 17,900.

దశ 5: కుట్టడం

గలీబు మీద పాత కుట్లు మూడు సెంటీమీటర్లకి, అంటే జపాన్ పాత కొలతలో ఒక సున్‌కి, 5 నుంచి 7 దాకా ఉన్నాయి. పరుపు అంచు తగిలి ఎక్కువ అరిగే చోట 7, మధ్యలో 5. నేనూ అదే పాటించాను.

నమూనా చదరం మీద మొదట వరసల మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం పెట్టాను. పది సెంటీమీటర్లు 9.6 అయింది, గుడ్డ అట్టలా బిగుసుకుంది. ఎడం 8కి పెంచితే 9.9 దగ్గర నిలిచింది, మెత్తదనం పోలేదు. ఉత్తరాదిలో దట్టంగా కుట్టింది చలికి, నార సందుల్లోంచి గాలి రాకుండా. నా గలీబుకి ఆ అవసరం లేదు.

వాట్సాప్ వీడియోలో అమ్మ చూసి, "దారం అంత గుంజకే, గుడ్డ ముడుచుకపోతది. వరస అయినంక వేళ్లతోటి దువ్వు" అంది. ఆవిడ ఏటా పాత చీరలతో బొంతలు కుడుతుంది. వరస పూర్తయ్యాక కుట్టుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి సాగదీసే ఈ పనికి జపాన్‌లో ఇతొకొకి అని పేరుంది, సాషికో నేర్పేవాళ్లు మొదటిరోజే చెప్తారు. "నేర్పడానికి క్లాసులెందుకమ్మా, నువ్వున్నావుగా" అంటే ఫోను పెట్టేసింది.

క్రమం:

1. ఆసరా గుడ్డని చిరుగు కంటే అన్నివైపులా 3 సెం.మీ. ఎక్కువ కోయాలి. అంచు మడవొద్దు, మడిస్తే గట్టు లేచి, అరుగుదలంతా ఆ గట్టు మీద పడుతుంది.
2. పడుగుతో పడుగు కలిపి పరిచి, తుప్పు పట్టని సన్న గుండుసూదులతో నిలపాలి.
3. ముడి వేయకుండా, మొదటి మూడు కుట్ల మీద వెనక్కి వచ్చి మొదలుపెట్టాలి. ముగింపూ అంతే.
4. వరస చివర మలుపు దగ్గర వెనకవైపు 2 మిల్లీమీటర్ల దారం వదులుగా ఉంచాలి.
5. వరస చివర్లు ఒకే గీతమీద ఆగకూడదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
6. ప్రతి వరసకీ దువ్వడం.

ఐదోదానికి కారణం రెండో చిరుగు దగ్గర తెలిసింది. చివర్లు నీటుగా ఒకే గీతలో ఆపితే, గుడ్డని ఎత్తినప్పుడు ఆ గీత వెంబడే మడత పడింది. భూతద్దంలో చూస్తే పడుగు పోగులు అక్కడ సాగి ఉన్నాయి. విప్పి, చివర్లని ఎగుడుదిగుడుగా సెంటీమీటరు నుంచి మూడు దాకా సాగించాను. తర్వాత పాత కుట్లు చూశాను కదా, ఎక్కడా రెండు వరసలు ఒకచోట ఆగలేదు.

లేచిన మాసికని పాత సూది రంధ్రాల్లోంచే తిరిగి కుట్టాను, ఒంటి పోగుతో. కింది కారునీలాన్ని పైకి చూపిస్తే అందంగా ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది. కానీ అది అంత నీలంగా మిగిలింది మూసి ఉంచడం వల్లే. ఫోటో తీసుకుని మూసేశాను.

లెక్క: చిరుగులు 310లో 262 చ.సెం.మీ. నిలిచాయి. పలచబడ్డ 1,150లో 1,040. ఒంటి పోగు 41 మీటర్లు అయింది. ఇరవై మీటర్ల నాలుగు పోగుల చిలప విప్పితే 80 వస్తుంది కాబట్టి ఒక చిలప చాలు. కొత్త ఖర్చు లేదు.

దశ 6: గోధుమరంగు చారలు

ఈ మాసిక 14 గుణకారం 9 సెం.మీ. చారల్లో నీలి పోగులు బాగానే ఉన్నాయి, గోధుమ పోగులు తాకితే పొడి. సూది దించిన చోటల్లా రంధ్రం పడుతుంది కాబట్టి కుట్టే మాటే లేదు. జిగురు నాకు ఇష్టం లేదు, తర్వాత తీయలేం. మ్యూజియం వాళ్లు క్రేప్‌లీన్ అనే అతి పలచటి పట్టుగుడ్డ కప్పుతారు. దాని ధర చూసి నైలాన్ టుల్ నెట్టుకి దిగాను.

తెల్ల నెట్ వేస్తే మాసిక మీద మంచు పట్టినట్టు కనిపించింది. ముదురు నీలం నెట్, దొరికిన వాటిలో అతి సన్న గళ్లది, దాదాపు మాయమైంది. ఏటవాలు వెలుతురులో కాస్త మెరుస్తుంది, దానికి మార్గం దొరకలేదు. నెట్‌ని మాసిక కంటే ఒకటిన్నర సెంటీమీటరు బయటికి కోసి, చుట్టూ ఉన్న గట్టి గుడ్డకి మాత్రమే కుట్టాను. మాసిక మీద ఒక్క కుట్టూ లేదు.

కింద పొడి రాలడం ఆగదు, నెట్ లోపలే ఉంటుంది. ఇనుము చేసే పనిని ఇంట్లో ఆపలేం.

ఖర్చు 700. మొత్తం 18,600 యెన్లు.

దశ 7: దాచడం, మిగిలినవి

మడిచి బీరువాలో పెడితే మడతల దగ్గరే మళ్లీ మొదలవుతుంది. పది సెంటీమీటర్ల అట్ట గొట్టానికి ఉతికిన తెల్ల నూలుగుడ్డ చుట్టి, గలీబు ముఖం బయటికి ఉండేలా దానిమీద చుట్టాను. ముఖం లోపలికి చుడితే మాసికలన్నీ ముడతలు పడుతున్నాయి. గోడకి వేలాడదీయాలన్న కోరిక ఉంది గాని, నాలుగు పొరల మూల బరువంతా పై కుట్టు మీద పడుతుంది. పైఅంచుకి వెడల్పాటి నూలు పట్టీ కుట్టి కర్ర దూర్చే పద్ధతిని ముందు యుకాతా కట్ట మీద చూడాలి.

కుట్టకుండా మిగిల్చిన 48 చ.సెం.మీ. చిరుగుల్లో ఎక్కువ భాగం ఎలుక కొరికిన మూల. అక్కడ అంచులు గట్టిగానే ఉన్నాయి, సాగడం లేదు. మిగతావి ఆ రెండు చారల సందు పక్కన ఉన్న చిన్న కన్నాలు. వానాకాలం అయ్యాక షీటు మళ్లీ పైన పరిచి ఎర్ర గీతలు దాటి చిరిగిందేమో చూస్తాను. దాటితేనే సూది.